రెండు లక్షల్లో ఒకరు: ఒక అరుదైన శ్వాస వ్యాధి, రోగుల రిజిస్ట్రీ

మధుమేహం గురించీ రక్తపోటు గురించీ వైద్యశాస్త్రానికి ఇవాళ తెలిసినదంతా లక్షలాది రోగులను చూడటం వల్ల తెలిసింది. ఒక జిల్లా ఆసుపత్రికి ఒక్క ఏడాదిలో వచ్చే రోగులే ఒక పరిశోధనకు సరిపోతారు కాబట్టి, ఏ మందు ఎవరికి పనిచేస్తుంది, ఏ లక్షణం ముందుగా బయటపడుతుంది, ఏది ప్రమాదానికి సూచన అన్న ప్రశ్నలు రోగుల కొరత వల్ల ఆగిపోవు. అరుదైన వ్యాధుల విషయంలో ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది. రెండు లక్షల జననాల్లో ఒక్క బిడ్డకు వచ్చే వ్యాధిని ఒక పిల్లల వైద్యుడు తన వృత్తి జీవితం మొత్తంలో ఒకసారి చూస్తే చూస్తాడు, లేకపోతే లేదు. చూసినా, ఆ బిడ్డలో కనిపించిన ఒక లక్షణం వ్యాధికి చెందినదో, ఆ బిడ్డకే ప్రత్యేకమైనదో తేల్చుకునే ఆధారం ఆయన చేతిలో ఉండదు. అలాంటి వ్యాధి గురించిన జ్ఞానం ఏ ఒక్క ఆసుపత్రిలోనూ దొరకదు. దేశదేశాల్లో చెదిరి ఉన్న రోగుల వివరాలను ఒకే పద్ధతిలో రాసి, ఒకే చోట చేర్చి, ఏళ్ల తరబడి వెంబడిస్తేనే అది రూపుకడుతుంది. ఈ పనికోసం ఏర్పడినదే రోగుల రిజిస్ట్రీ. అది ఏం చేయగలదో, ఎక్కడ పొరపడుతుందో అర్థం చేసుకోవడానికి నిద్రలో శ్వాసను మందగింపజేసే ఒక జన్యువ్యాధి చక్కని ఉదాహరణ.

నిద్రలో పలచబడే ఊపిరి

శ్వాస రెండు రకాల ఆజ్ఞలకు లోబడి నడుస్తుంది. మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు, ఊపిరి బిగబట్టేటప్పుడు మెదడు పైభాగం దాన్ని మనిషి ఇష్టప్రకారం నడిపిస్తుంది. మిగిలిన సమయంలో, ముఖ్యంగా నిద్రలో, మెదడు కాండం అడుగుభాగమైన మజ్జాముఖంలోని నాడీకణాలు దాన్ని తమంతట తామే నడిపిస్తాయి. ఈ రెండో ఏర్పాటుకు ఆక్సిజన్ కంటే కార్బన్ డయాక్సైడే ప్రధానమైన సంకేతం. ధమని రక్తంలో ఆ వాయువు పీడనం మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరస మట్టం మధ్య ఉంటుంది. అది కొద్దిగా పెరిగినా మజ్జాముఖంలోని గ్రాహక కణాలు పసిగట్టి, ఇంకా లోతుగా, ఇంకా వేగంగా ఊపిరి తీయమని ఛాతీ కండరాలకూ, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానానికీ, అంటే డయాఫ్రమ్‌కూ ఆదేశం పంపుతాయి.

కంజెనిటల్ సెంట్రల్ హైపోవెంటిలేషన్ సిండ్రోమ్, సంక్షిప్తంగా సీసీహెచ్ఎస్, ఉన్న బిడ్డలో ఈ పసిగట్టే శక్తి పుట్టుకతోనే లోపిస్తుంది, లేదా బాగా మందగించి ఉంటుంది. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, కండరాల్లో బలం ఉంటుంది, ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించదు. అయినా బిడ్డ గాఢనిద్రలోకి జారుకోగానే శ్వాస పలచబడి, కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 దాటినా, బిడ్డకు మెలకువ రాదు. వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో మెలకువగా ఉన్నప్పుడు కూడా శ్వాస చాలదు.

ఈ వ్యాధిలో అన్నిటికంటే మోసపుచ్చేది ఆయాసం లేకపోవడం. న్యుమోనియా వచ్చిన ఏ బిడ్డయినా డొక్కలెగరేస్తుంది, ముక్కుపుటాలు అదురుతాయి, తల్లి చూసి గుర్తుపడుతుంది. సీసీహెచ్ఎస్ ఉన్న బిడ్డకు అదే న్యుమోనియా వస్తే ఆ గుర్తులు కనిపించకపోవచ్చు. ఆడుకుంటూ ఉన్న బిడ్డ పెదవులు నీలంగా మారేదాకా పెద్దలకు అనుమానం రాదు. ఇదే కారణంగా ఈ పిల్లలు నీళ్లలో మునిగి ఈదితే ప్రమాదం ఎక్కువ: ఊపిరి కోసం పైకి రమ్మని తొందరపెట్టే ఉక్కిరిబిక్కిరి వారికి కలగదు కాబట్టి, స్పృహ తప్పేదాకా నీటి అడుగునే ఉండిపోగలరు.

వ్యాధిని నయం చేసే మందు లేదు. ఒక్క ఆక్సిజన్ పెడితే చర్మం రంగు మెరుగుపడుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్ అలాగే పేరుకుపోతుంది. అందుకే జీవితాంతం ప్రతి నిద్రకూ కృత్రిమ శ్వాస కావాలి. పసితనంలో సాధారణంగా గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి, అంటే ట్రకియాస్టమీ చేసి, వెంటిలేటర్ అమర్చుతారు. కొంత పెద్దయ్యాక మాస్కు ద్వారా ఇవ్వవచ్చు. కొందరిలో డయాఫ్రమ్‌ను కదిలించే ఫ్రీనిక్ నాడులకు విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాన్ని అమర్చుతారు. 1962లో అమెరికా వైద్యులు సెవరింగ్‌హాస్, మిచెల్ మెదడు కాండం, మెడ ప్రాంతాల్లో శస్త్రచికిత్స జరిగిన ముగ్గురు పెద్దవారిలో ఇలాంటి స్థితిని వర్ణించి, ఐరోపా జానపద కథలోని జలకన్య పేరుమీద దానికి ‘ఆండీన్ శాపం’ అని పేరు పెట్టారు. పుట్టుకతో ఆ స్థితి ఉన్న శిశువును మెల్లిన్స్ బృందం 1970లో వర్ణించింది. ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాల పాటు ఈ వ్యాధి గురించిన జ్ఞానమంతా ఒకటి రెండు కేసుల నివేదికలుగానూ, కొన్ని కేంద్రాల అనుభవంగానూ పోగుపడుతూ వచ్చింది.

విడి కేసుల నుంచి పట్టిక దాకా

ఒక కేసు నివేదికకూ రిజిస్ట్రీకీ మధ్య తేడా సంఖ్యలో మాత్రమే లేదు. కేసు నివేదిక రాసే వైద్యుడు తనకు విశేషంగా అనిపించినదాన్ని రాస్తాడు. విశేషం కానిదాన్ని, చూడనే చూడనిదాన్ని రాయడు. ఫలితంగా పది నివేదికలను పక్కపక్కన పెట్టినా, ఒకదానిలో గుండె గురించి ఉంటుంది, ఇంకొకదానిలో ఉండదు. ఉండకపోవడం గుండె బాగుండటం వల్లనా, పరీక్షించకపోవడం వల్లనా అన్నది తేలదు. రిజిస్ట్రీలో ప్రతి రోగికీ అవే ప్రశ్నలు, అవే కొలతలు, అవే నిర్వచనాలు ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, అది ఒకసారి రాసి మూసేసే పత్రం కాదు. గ్రామ రెవెన్యూ లెక్కల్లో అడంగల్‌ను, తెలంగాణలో పహాణీ అనేదాన్ని, తీసుకుంటే, సర్వే నంబరు మారకుండా ఉండి ఏటా ఆ భూమిలో ఏ పంట వేశారో, ఎవరు సాగుచేశారో కొత్తగా ఎక్కుతుంది; రిజిస్ట్రీలో కూడా రోగి గుర్తింపు సంఖ్య స్థిరంగా ఉండి, ఏటేటా వెంటిలేటర్ అవసరం, గుండె లయ, చదువు, ఎదుగుదల, కొత్త మందులు దాని ఎదుట చేరుతూ పోతాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1856లో నార్వే దేశవ్యాప్తంగా కుష్ఠురోగుల రిజిస్ట్రీని మొదలుపెట్టింది. జాతీయ స్థాయిలో ఒక వ్యాధికి సంబంధించి ఏర్పడిన తొలి రిజిస్ట్రీగా దానికి పేరుంది. సీసీహెచ్ఎస్ విషయంలో తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి రోగుల కుటుంబాల సహకారంతో జరిగింది. వివిధ దేశాల తల్లిదండ్రులు కలిసి ఏర్పరచుకున్న సంఘాల ద్వారా ప్రశ్నావళి పంపి, 196 మంది రోగుల వివరాలు సేకరించి, 2004లో ప్రచురించారు. ఏ ఆసుపత్రీ ఒంటరిగా చేరుకోలేని సంఖ్య అది. మరుసటి ఏడాది, 2005లో, హా ట్రాంగ్ నాయకత్వంలోని ఫ్రెంచ్ రిజిస్ట్రీ 70 మంది రోగుల సమాచారం ప్రచురించింది. ఒక దేశం మొత్తంలో పుట్టిన పిల్లల సంఖ్య తెలిసి, అందులో ఏడాదికి ఎంతమందికి ఈ వ్యాధి గుర్తించారో కూడా తెలిసినందువల్ల, సుమారు రెండు లక్షల జననాల్లో ఒకరికి ఈ వ్యాధి వస్తుందన్న అంచనా అక్కడ సాధ్యమైంది. 196 మంది ఉన్న సర్వే ఈ అంచనా ఇవ్వలేకపోయింది, 70 మంది ఉన్న రిజిస్ట్రీ ఇచ్చింది. వ్యాధి ఎంత అరుదో చెప్పాలంటే రోగుల సంఖ్య ఒక్కటే చాలదు, వారు ఎంత జనాభా నుంచి వచ్చారో కూడా తెలియాలి.

ఇరవై అలనీన్లు

2003లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రికి చెందిన జాన్ ఆమియెల్, స్టానిస్లాస్ లియోనె బృందం ఈ వ్యాధికి మూలం ఫాక్స్2బి అనే జన్యువులో ఉందని చూపింది. నాలుగో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉండే ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్, గర్భస్థ దశలో ఇతర జన్యువులను పనిచేయించే నియంత్రకంగా ఉండి, గుండె, పేగులు, శ్వాస వంటి మన ప్రమేయం లేకుండా సాగే పనులను చూసే స్వయంచోదిత నాడీవ్యవస్థ రూపొందడానికి తోడ్పడుతుంది. మామూలుగా ఆ ప్రొటీన్‌లో ఒక చోట అలనీన్ అనే అమైనో ఆమ్లం వరసగా 20 సార్లు వస్తుంది. రోగుల్లో ఎక్కువమందికి తల్లిదండ్రుల నుంచి వచ్చే రెండు ప్రతుల్లో ఒకదానిలో ఈ వరుస పొడుగై, 24 నుంచి 33 దాకా అలనీన్లు ఉంటాయి. అందుకే వారి జన్యురూపాన్ని 20/25 అనో, 20/27 అనో రాస్తారు. సుమారు పదోవంతు రోగుల్లో ఈ వరుస పొడుగు కాదు. జన్యువులో వేరే చోట మార్పు ఉంటుంది.

ఆమియెల్ బృందం పరీక్షించిన 29 మందిలో 18 మందిలో మార్పు కనిపించింది. అదే ఏడాది షికాగోలో డెబ్రా వీస్-మేయర్ బృందం 67 మందిలో 65 మందిలో దాన్ని గుర్తించింది. అంతటి అరుదైన వ్యాధిలో 67 మంది నమూనాలు ఒకే ప్రయోగశాలకు చేరడం ఒక్క ఏడాదిలో జరిగే పని కాదు. ఎన్నో ఏళ్లుగా కుటుంబాలతో సంబంధం నిలుపుకుంటూ వచ్చిన కేంద్రాలకే అది సాధ్యం. జన్యువు దొరికిన ఐదేళ్లకు, 2008లో, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 27 అలనీన్ల వరుస ఉన్న ఎలుకలను రూపొందించి, అవి పుట్టిన వెంటనే చనిపోవడాన్నీ, వాటి మజ్జాముఖంలో కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టే రెట్రోట్రపిజాయిడ్ కేంద్రకం అనే కణసమూహం దాదాపు లేకపోవడాన్నీ చూపారు. వ్యాధి ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు ఎలుక జవాబు చెప్పింది. ఏ బిడ్డకు ఏ ప్రమాదం ఉందన్న ప్రశ్నకు జవాబు మాత్రం రిజిస్ట్రీల నుంచే రావలసి వచ్చింది.

జన్యురూపం అనే ఒక్క గడి కొత్తగా చేరగానే, అంతవరకూ పోగుపడిన పట్టికలు వేరే విధంగా చదవడానికి వీలయ్యాయి. 20/25 ఉన్నవారికి ఇరవైనాలుగు గంటల వెంటిలేటర్ అవసరం అరుదు, సాధారణంగా నిద్రలో మాత్రమే కావాలి. 20/27 నుంచి పైకి వెళ్లేకొద్దీ పగలూ రాత్రీ కావలసినవారు ఎక్కువ. 24 అలనీన్లు ఉన్న కొందరిలో వ్యాధి పసితనంలో బయటపడనే పడదు. పెద్దయ్యాక ఏదో శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చినప్పుడో, తీవ్రమైన శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడో మొదటిసారి కనిపిస్తుంది. పేగుల చివరిభాగంలో నాడీకణాలు లేక మలం కదలని హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి, నాడీకణాల నుంచి పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే కణితి, రెండూ అలనీన్ వరుసలో కాకుండా వేరే చోట మార్పు ఉన్న పిల్లల్లో చాలా ఎక్కువ. కాబట్టి ఏ బిడ్డకు కణితి కోసం తరచుగా స్కానింగ్ చేయాలి, ఎవరికి అంత అవసరం లేదు అన్న నిర్ణయానికి ఒక ఆధారం దొరికింది.

గుండె ఆగే మూడు సెకన్లు

వీటన్నిటిలో రిజిస్ట్రీ విలువను దగ్గరగా చూపించేది గుండె కథ. వెంటిలేటర్ సక్రమంగా నడుస్తున్నా, ఇన్‌ఫెక్షన్ ఏదీ లేకపోయినా, ఈ పిల్లల్లో కొందరు హఠాత్తుగా చనిపోవడం వైద్యులను చాలాకాలం కలవరపెట్టింది. గుండెకు లయ నిర్దేశించే సైనస్ నోడ్ స్వయంచోదిత నాడీవ్యవస్థ అదుపులో ఉంటుంది. ఆ అదుపు తప్పితే గుండె రెండు కొట్టుకోవడాల మధ్య కొన్ని సెకన్లు ఆగిపోవచ్చు. ఆ విరామం మూడు సెకన్లు దాటితే మెదడుకు రక్తం తగ్గి స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. అయితే ఇది రోజూ జరిగేది కాదు. ఆసుపత్రిలో పది నిమిషాల్లో తీసే ఈసీజీలో అది దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న యంత్రం కట్టి, ఇంట్లో తిరుగుతూ నిద్రపోతూ ఉండగానే గుండె లయను నిరంతరం నమోదు చేసే హోల్టర్ పరీక్ష కావాలి. ఒక్క రోజు కాదు, వరసగా 72 గంటలు.

షికాగో కేంద్రం తన వద్దకు ఏటా వచ్చే పిల్లల హోల్టర్ నమోదులను ఏళ్ల తరబడి దాచి ఉంచింది. 2008లో ఆ నమోదులను జన్యురూపాల పక్కన పెట్టి చూసినప్పుడు బయటపడిన క్రమం ఇది: మూడు సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ విరామం 20/25 ఉన్న పిల్లల్లో ఒక్కరిలోనూ లేదు, 20/26 ఉన్నవారిలో 19 శాతం మందిలో ఉంది, 20/27 ఉన్నవారిలో 83 శాతం మందిలో ఉంది. అలనీన్లు ఒక్కొక్కటి పెరిగేకొద్దీ గుండె ఆగే ప్రమాదం మెట్లుమెట్లుగా పెరిగింది. జన్యుశాస్త్రవేత్త దగ్గర అలనీన్ల లెక్క మాత్రమే ఉండి, గుండె వైద్యుడి దగ్గర హోల్టర్ కాగితాలు మాత్రమే ఉంటే ఈ సంబంధం ఎవరి కంటా పడేది కాదు. రెండూ ఒకే బిడ్డ పేరు ఎదుట, ఒకే వరుసలో ఉన్నందువల్లే కనిపించింది.

ఈ శాతాలు కొన్ని పదుల మంది పిల్లల నుంచి వచ్చినవన్న సంగతి మరచిపోకూడదు. అంత చిన్న సమూహంలో ఒక్క బిడ్డ ఇటు నుంచి అటు మారితే శాతం గణనీయంగా మారుతుంది. ‘ఒక్కరిలోనూ లేదు’ అన్నమాట ‘ఎప్పటికీ రాదు’ అన్నమాటకు సమానం కాదు. అందువల్ల 2010లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ విడుదల చేసిన విధాన ప్రకటన జన్యురూపాన్ని బట్టి ఎవరినీ పరీక్ష నుంచి మినహాయించలేదు. ఏటా 72 గంటల హోల్టర్ చేయాలనీ, విరామాలు మూడు సెకన్లు దాటితే పేస్‌మేకర్ గురించి ఆలోచించాలనీ సూచించింది. ఐరోపా నిపుణుల బృందం 2020లో తన మార్గదర్శకాలు ప్రచురించింది. మొదట పోగైన సమాచారం పరీక్షా నియమానికి దారి తీసింది. ఆ నియమం ప్రకారం జరిగే పరీక్షలు తిరిగి రిజిస్ట్రీలోకి చేరి, నియమం సరైనదో కాదో చెబుతాయి.

ఒకటనుకున్నవి రెండు

పట్టికలో వరుసలు పెరిగినప్పుడు, ఒకే వ్యాధి అనుకున్నదానిలో రెండు వ్యాధులు కలిసిపోయి ఉన్నట్లు తెలియడం కూడా జరుగుతుంది. మొదటి ఏడాదీ రెండో ఏడాదీ ఆరోగ్యంగా పెరిగిన కొందరు పిల్లలు హఠాత్తుగా కొన్ని నెలల్లోనే విపరీతంగా లావెక్కి, ఆ తరువాత హార్మోన్ల తేడాలు, శ్వాస మందగించడం కనబరిచేవారు. వీరిని ఆలస్యంగా బయటపడిన సెంట్రల్ హైపోవెంటిలేషన్ కింద లెక్కవేసేవారు. ఫాక్స్2బి పరీక్ష అందుబాటులోకి వచ్చాక వీరిలో ఆ మార్పు లేదని తేలింది. 2007లో 15 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి, లక్షణాలు బయటపడే క్రమాన్ని బట్టి ఇది వేరే వ్యాధి అని నిర్ధారించి, రోహాడ్ అనే సంక్షిప్తనామం ఇచ్చారు. ఈ విభజన జరగకపోతే, సీసీహెచ్ఎస్ పిల్లలకు స్థూలకాయం వస్తుందని పాఠ్యగ్రంథాలు రాసేవి, రోహాడ్ పిల్లల తల్లిదండ్రులకు తప్పు జన్యు సలహా అందేది. రిజిస్ట్రీలో ఎవరిని చేర్చాలన్న నిర్వచనం కాలంతో మారుతుంది కాబట్టి, ప్రతి వరుసలోనూ రోగ నిర్ధారణ ఏ పద్ధతిలో, ఏ ఏడాదిలో జరిగిందో రాసి ఉండటం తప్పనిసరి.

పట్టికలో లేనివారు

రిజిస్ట్రీ చెప్పే ప్రతి మాటనూ అందులో చేరనివారిని గుర్తుపెట్టుకుని వినాలి. పుట్టిన మొదటి రోజుల్లోనే, వ్యాధి పేరు తెలియకముందే చనిపోయిన శిశువు పట్టికలోకి రాదు. అందువల్ల నమోదైన వారి మరణాల శాతం అసలు మరణాల కంటే తక్కువగా కనిపిస్తుంది. రెండో చివర, 20/24 వంటి జన్యురూపంతో లక్షణాలేవీ లేకుండా బతుకుతున్నవారు కూడా పట్టికలోకి రారు. అందువల్ల ఆ జన్యురూపం ఉన్నదానికంటే తీవ్రమైనదిగా కనిపిస్తుంది. పెద్ద కేంద్రాలకు ప్రయాణం చేయగలిగే కుటుంబాలే ఏటా పరీక్షలకు వస్తాయి. రాలేని కుటుంబం వరుసలో గడులు ఖాళీగా ఉండిపోతాయి, ఆ ఖాళీని ‘సమస్య లేదు’ అని చదివితే తప్పు.

ఇంకో చిక్కు రెట్టింపు లెక్క. ఒకే బిడ్డ తన దేశపు రిజిస్ట్రీలోనూ, రోగుల కుటుంబాల సర్వేలోనూ, అంతర్జాతీయ రిజిస్ట్రీలోనూ నమోదై ఉండవచ్చు. మొత్తం కొన్ని వందల మందే ఉన్న పట్టికలో పదిమంది రెండుసార్లు లెక్కకు వస్తే ఫలితం వక్రమవుతుంది. దీన్ని నివారించడానికి, పుట్టినతేదీ వంటి వివరాల నుంచి కంప్యూటర్ ఒక సంకేత సంఖ్యను తయారుచేస్తుంది. ఆ సంఖ్య నుంచి వెనక్కు వెళ్లి పేరు కనుక్కోవడం కుదరదు కానీ, అదే వ్యక్తి మరోచోట నమోదైతే అదే సంఖ్య వస్తుంది. వేర్వేరు రిజిస్ట్రీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలగడానికి, అరుదైన వ్యాధుల రిజిస్ట్రీలన్నీ కనీసం సేకరించవలసిన 16 అంశాలను యూరోపియన్ కమిషన్ సంయుక్త పరిశోధనా కేంద్రం రూపొందించింది. వాటిలో లక్షణాలు మొదలైన వయసు ఒకటి, రోగ నిర్ధారణ జరిగిన వయసు మరొకటి; ఈ రెండిటి మధ్య ఎడమే ఒక దేశపు వైద్య వ్యవస్థ ఆ వ్యాధిని ఎంత ఆలస్యంగా గుర్తిస్తోందో చెప్పే కొలత.

చికిత్సను తూచడం

కొత్త మందు పనిచేస్తుందా అని తేల్చడానికి రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి పోల్చడం వైద్యంలో మెరుగైన పద్ధతి. కొద్దిమందే ఉన్న వ్యాధిలో అది చాలాసార్లు అసాధ్యం. 2010లో ఫ్రాన్స్‌లో ఇద్దరు సీసీహెచ్ఎస్ యువతుల్లో, గర్భనిరోధకంగా వాడిన డిసోజెస్ట్రెల్ అనే హార్మోన్ మందు తీసుకుంటుండగా, కార్బన్ డయాక్సైడ్‌కు స్పందించే శక్తి కొంత తిరిగి వచ్చినట్లు వైద్యులు గమనించారు. ఆశ కలిగించిన పరిశీలనే, కానీ ఇద్దరి నుంచి నియమం చేయలేరు. ఆ మందు అప్పటికే వాడుతున్న మిగతా రోగులెవరు, వారిలో ఏం జరిగిందన్నది రిజిస్ట్రీలో మందుల గడి ఉంటేనే చూడగలరు.

కేంద్రాలను పోల్చి చికిత్సను మెరుగుపరచిన ఉదాహరణ మరో జన్యు శ్వాసవ్యాధిలో ఉంది. 1964లో అమెరికాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ సంస్థ తరఫున వారెన్ వార్విక్ అనే పిల్లల వైద్యుడు 31 కేంద్రాల్లోని రోగుల వివరాలు సేకరించాడు. క్లీవ్‌లాండ్‌లో లెరాయ్ మాథ్యూస్ నడిపిన కేంద్రంలో రోగుల అంచనా మధ్యస్థ మరణ వయసు 21 ఏళ్లని తేలింది. ఇతర కేంద్రాల కంటే అది దాదాపు ఏడు రెట్లు. మందులు అందరికీ అవే. లక్షణాలు ముదరకముందే రోజూ ఊపిరితిత్తులను శుభ్రపరచాలన్న పట్టుదల మాథ్యూస్‌ది. అంకెలు బయటపడ్డాక ఇతర కేంద్రాలు ఆ పద్ధతిని అనుసరించాయి, 1966 నుంచి ఆ సంస్థ రిజిస్ట్రీ నిరంతరం నడుస్తోంది. ఎవరి దగ్గర ఫలితాలు బాగున్నాయో దాచకుండా చెప్పే పట్టిక ఉంటే, కొత్త మందు రాకముందే మరణాలను తగ్గించవచ్చని ఆ అనుభవం చూపింది.

పేరు తీసేస్తే సరిపోదు

సాధారణ వ్యాధుల గణాంకాల్లో పేరూ చిరునామా తీసేస్తే రోగి గోప్యత చాలావరకు నిలుస్తుంది. అరుదైన వ్యాధిలో అది చాలదు. ఒక జిల్లాలో ట్రకియాస్టమీతో, వెంటిలేటర్‌తో బడికి వెళ్లే తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే ఉంటే, వయసు, జిల్లా, వ్యాధి చెప్పడమే పేరు చెప్పడం. అందుకే రిజిస్ట్రీలు పుట్టినతేదీకి బదులు వయసును, ఊరికి బదులు ప్రాంతాన్ని మాత్రమే పరిశోధకులకు ఇస్తాయి. మరీ తక్కువమంది ఉన్న సమూహాల అంకెలను విడిగా ప్రచురించవు. సమ్మతి విషయంలో మరో మెలిక ఉంది. శిశువు తరఫున తల్లిదండ్రులు సంతకం చేస్తారు. ఆ శిశువు పద్దెనిమిదేళ్లు దాటాక తన వివరాలు ఉంచాలా, తీసేయాలా అని సొంతంగా చెప్పే హక్కు వస్తుంది, ఆ హక్కును గుర్తుచేసి అడగవలసిన బాధ్యత రిజిస్ట్రీది. ఇప్పుడు ఈ పిల్లలు పెద్దవారై ఉద్యోగాలు చేస్తున్నారు, బిడ్డల్ని కంటున్నారు కాబట్టి ఈ ప్రశ్న ముందుకొచ్చింది. వ్యాధి ఉన్నవారి ప్రతి సంతానానికీ అది వచ్చే అవకాశం సగానికి సగం.

భారతదేశంలో ఖాళీ వరుసలు

భారతదేశంలో ఏటా సుమారు 2.3 కోట్ల మంది పిల్లలు పుడుతున్నారు. ఫ్రెంచ్ అంచనాను ఇక్కడికి అన్వయిస్తే ఏడాదికి నూటపది మందికి పైగా సీసీహెచ్ఎస్ శిశువులు పుడుతూ ఉండాలి. ఇది కేవలం గణితం; దీన్ని నిర్ధారించాలన్నా, తప్పని చెప్పాలన్నా దేశవ్యాప్తమైన నమోదు కావాలి. భారత వైద్య పరిశోధనా మండలి, ఐసీఎంఆర్, 2017లో అరుదైన వ్యాధుల జాతీయ రిజిస్ట్రీకి శ్రీకారం చుట్టింది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం, దేశంలో తగిన గణాంకాలు లేనందువల్ల ఎంతమందిలో ఒకరికి వస్తే అరుదైన వ్యాధి అనాలో అంకెల్లో నిర్వచించలేకపోయింది. చికిత్స స్వభావాన్ని బట్టి వ్యాధులను మూడు వర్గాలుగా విభజించి సరిపెట్టుకుంది. నమోదు లేకపోతే నిర్వచనమే కుదరదని ప్రభుత్వ పత్రమే చెప్పినట్లయింది. ఆ విధానం కింద గుర్తించిన ప్రత్యేక కేంద్రాల్లో హైదరాబాద్‌లోని నిమ్స్, డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ కలిసి నడిపే కేంద్రం ఒకటి.

తెలుగు కుటుంబాలకు ఈ వ్యాధి విషయంలో రెండు సంగతులు ప్రత్యేకంగా పనికివస్తాయి. బిడ్డకు జన్యువ్యాధి అనగానే మేనరికాన్నీ, దాని వెంట తల్లినీ నిందించడం ఇక్కడ మామూలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపభూయిష్ట ప్రతులు కలిస్తే వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ వంటి వ్యాధులకు దగ్గరి సంబంధాల పెళ్లి ప్రమాదం పెంచుతుంది. సీసీహెచ్ఎస్‌కు ఒక్క ప్రతిలో మార్పు చాలు, అదీ ఎక్కువమంది పిల్లల్లో కొత్తగా ఏర్పడినదే, కాబట్టి మేనరికానికి ఇందులో ప్రమేయం లేదు. అయితే కొద్ది కుటుంబాల్లో తల్లి లేదా తండ్రి శరీరంలోని కొన్ని కణాల్లో మాత్రమే ఆ మార్పు దాగి ఉంటుంది. తరువాతి కాన్పుకు ముందు తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయించమనడం అందుకే. రెండో సంగతి పరీక్ష గురించినది. జన్యువులన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ సీక్వెన్సింగ్ ఇప్పుడు నగరాల్లో దొరుకుతోంది, కానీ అలనీన్ వరుస ఉన్న చోటు ఆ పద్ధతికి సరిగా చిక్కదు. అందులో ఏమీ లేదని వచ్చినా, ఆ భాగం పొడవును విడిగా కొలిచే ఫ్రాగ్మెంట్ పరీక్ష చేయకుండా వ్యాధి లేదని చెప్పడం తొందరపాటు. ఆ పొరపాటు జరిగిన బిడ్డ రిజిస్ట్రీకి చేరదు, ఆ బిడ్డ గుండెకు ఏటా 72 గంటల పరీక్షా జరగదు.

అరుదైన వ్యాధుల రిజిస్ట్రీలు ఆర్భాటంగా మొదలై, మూడు నాలుగేళ్ల పరిశోధన గ్రాంటు ముగియగానే నిద్రపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. మొదటి ఏడాది నమోదుకు ఉత్సాహం సరిపోతుంది. షికాగో హోల్టర్ నమోదుల నుంచి ఫలితం వచ్చింది మాత్రం ఏటేటా అదే పరీక్షను అదే పద్ధతిలో తిరిగి చేయడం వల్ల. ఆ పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఏడాదికోసారి ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి, రాని కాగితాలు తెప్పించి, ఖాళీ గడులు నింపే ఒక సమన్వయకర్త కావాలి, పదేళ్ల తరువాత కూడా ఆ సమన్వయకర్తకు జీతం వచ్చే ఏర్పాటు కావాలి. అరుదైన వ్యాధుల పరిశోధనకు బడ్జెట్ వేసేవారు మందుల ధరతో పాటు ఈ జీతాన్ని కూడా చికిత్స ఖర్చుగానే లెక్కించాలి.